జెకర్యా బొటనవేలు

2004 నవంబరు 9, మంగళవారం. ఉదయం 6.10.

విశాఖ నుంచి వచ్చిన వ్యాను పలాసలో రమణమూర్తి ఇంటి ముందు ఆగింది. అందులో జెకర్యా శవం ఉంది. వయసు నలభై రెండు. రెండు కిడ్నీలూ పోయాయి. ఉద్దానంలో పుట్టినవాడికి అదేమీ వింత జబ్బు కాదు. ఇంటింటికీ వంతు వేసుకుని వస్తోంది.

ఆ ఇంటి వెనక పోర్షనులో జెకర్యా అద్దెకుండేవాడు. అద్దె ఇంట్లోకి శవాన్ని రానిచ్చే యజమాని భూమ్మీద ఉండడు. వీధిలోనే టెంటు వేసుకోమంటాడు. ఇరుగుపొరుగులు ఆ మాట కోసమే గుమ్మాల్లో నిలబడ్డారు.

రమణమూర్తి తలుపులు బార్లా తీశాడు.

"లోపలే పడుకోబెట్టండి," అన్నాడు. తన డబ్బుతో రెండు ఐసు దిమ్మలు తెప్పించాడు. వీధి వీధంతా ఆయనకు దణ్ణం పెట్టింది.

సరిగ్గా పదహారు రోజులకి, గురువారం ఉదయం పదింటికి, ఆ పుణ్యాత్ముడి మీద ఫిర్యాదు చెయ్యడానికి జెకర్యా భార్య కెజియా పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది.

"అద్దె అడ్వాన్సా? సివిల్ మేటరు. కోర్టుకెళ్ళమను," అన్నాడు ఎస్.ఐ. కామేశ్వరరావు, ఫైల్లోంచి తలెత్తకుండా.

హెడ్ కానిస్టేబుల్ ఈశ్వరరావు తలెత్తాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. కోపం ఎక్కువ, ప్రమోషన్లు తక్కువ. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు అద్దె ఇంటి అడ్వాన్సు వెనక్కి రాబట్టి చూడు అని ఎందుకనలేదో ఆయనకెప్పుడూ అర్థం కాదు. ఆమె కాళ్ళు చూశాడు. వాచిన పాదాలకి చెప్పులు పట్టడం లేదు.

"కూర్చో అమ్మా. ఎంత అడ్వాన్సు?"

"పదేను వేలు బాబు. రెండేల ఒకటి జూన్‌ల ఇచ్చినాం. జీడిపిక్కలు ఆరబెట్టుకోడానికి పెరడు కూడా ఇత్తాడని."

"అడిగితే ఏమన్నాడు?"

"ఏప్రిల్‌లోనే మీ ఆయనకి ఇచ్చేసినానన్నాడు. రసీదు సూపించినాడు. ఏలిముద్ర ఉంది."

"మీ ఆయన నీకు చెప్పకుండా తీసుకున్నాడేమో."

"తాగుడు నేదు, పేకాట నేదు. పదేను వేలు తెచ్చి ఏ గోతిల పెడతాడు బాబు?"

"పదహారు రోజులకే డబ్బుకి అంత తొందరేం వచ్చింది?"

ఆమె కొంగుముడి విప్పి ఒక కాగితం ఇచ్చింది. రక్తపరీక్ష రిపోర్టు. పేరు కెజియా, వయసు 38. క్రియాటినిన్ 7.8.

"నాకూ అదే జబ్బు బాబు. డయాలసిస్ ఎక్కించడానికి సేతికి ఆపరేషను సెయ్యాలట. సోమవారం ఇశాపట్నం రమ్మన్నారు. డబ్బు కట్టకపోతే ఇంకో నెల ఆగాల. నెలదాకా ఉంటానో ఉండనో."

ఈశ్వరరావు కాగితం మడిచి ఆమె చేతికిచ్చాడు. సోమవారానికి నాలుగు రోజులుంది. టోపీ పెట్టుకుని లేచాడు.

ఉదయం 11.30. రమణమూర్తి వరండా.

రమణమూర్తి జీడిపప్పు కమీషన్ వ్యాపారి. తెల్ల లాల్చీ, వేళ్ళకి రెండు ఉంగరాలు. హెడ్డుగారికి కాఫీ తెప్పించి, అడక్కుండానే మూడు కాగితాలు ముందు పెట్టాడు.

ఒకటి, 2001 నాటి అద్దె అగ్రిమెంటు. రెండు, 2004 ఏప్రిల్ 12 తేదీతో పదిహేను వేలు ముట్టినట్టు రసీదు. రూపాయి రెవెన్యూ స్టాంపు. మూడు, బ్యాంకు పాసుబుక్కు. అదే తేదీన పదిహేను వేలు తీసినట్టు ఎంట్రీ.

"ఇంకేం కావాలండీ?" అన్నాడు.

"జెకర్యాకి సంతకం రాదా?"

"నిశానీ మనిషండీ. రెండు కాగితాల మీదా ఎడమ బొటనవేలే."

ఈశ్వరరావు కాగితాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అగ్రిమెంటు మీది ముద్ర ఉత్త ఊదారంగు మచ్చ. రసీదు మీది ముద్రలో సుడి, గీతలు విడివిడిగా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి.

రమణమూర్తి నవ్వాడు. "అనుమానమైతే ఫింగర్ ప్రింట్ బ్యూరోకి పంపించుకోండి. అది వాడి వేలే. ప్రమాణం చేసి చెప్తాను."

నిజమే చెప్తున్నాడనిపించింది ఈశ్వరరావుకి. అందుకే ఒళ్ళు మండింది.

"శవాన్ని ఇంట్లో ఎందుకు పెట్టనిచ్చారు?"

"మానవత్వం అండీ."

"తర్వాత శాంతి చేయించారా?"

"చేయించకుండా ఎలాగండీ! పిల్లలు తిరిగే ఇల్లు. రెండు వేలయింది."

"జూలై నుంచి జెకర్యాని మీరెప్పుడైనా చూశారా?"

"ఎక్కడ చూస్తాను? జూలై మొదటి వారంలో వైజాగ్ పోయాడు. అక్కడే వాళ్ళక్క ఇంట్లో ఉండి ఆసుపత్రికి తిరిగాడు. మళ్ళీ శవంగానే వచ్చాడు."

"మీరు వైజాగ్ వెళ్ళలేదా?"

"ఈ ఏడాది పలాస దాటలేదండీ."

ఈశ్వరరావు ఆ నాలుగు ముక్కలూ తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నాడు. కాగితాలు మూడూ తీసుకున్నాడు. కాఫీ ముట్టుకోలేదు.

మధ్యాహ్నం 2.15. కాశీబుగ్గలో ఒక జీడి బట్టీ.

నలభై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. కాల్చిన జీడిపిక్కని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో చెక్క సుత్తితో కొట్టాలి. పెంకులోంచి సొన చిమ్ముతుంది. ఆ సొన తగిలినచోట ఒళ్ళు పొక్కుతుంది. బూడిద, ఆముదం ఎంత రాసుకున్నా అంతే.

జెకర్యాతో పదేళ్ళు కలిసి పనిచేసిన నూకమ్మని పక్కకి పిలిచాడు. స్టాంపు ప్యాడు, తెల్లకాగితం తీశాడు.

"ఎడమ బొటనవేలు ఇక్కడ నొక్కమ్మా."

"నానేటి సేసినాను బాబు?" నూకమ్మ బెదిరిపోయింది.

"ఏమీ చెయ్యలేదు. నొక్కు."

నొక్కింది. చూశాడు.

"నీకు తెలిసి ఈ పని మానేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నా కోడలుంది బాబు. పురిటికెల్లి నాలుగు నెల్లయి నిన్ననే ఒచ్చింది. ఇంకా పన్లో కూకోనేదు."

కబురందుకుని వచ్చిన కోడలు కూడా నొక్కింది. ఈశ్వరరావు రెండు ముద్రలూ చూసి, కాగితం జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.

సాయంత్రం 4.00. రమణమూర్తి ఇంటి వెనక పోర్షను.

జెకర్యా తల్లి పాపమ్మ ఒంటరిగా ఉంది.

"ఆ రోజు శవానికి స్నానం ఎవరు చేయించారమ్మా?"

"నానే బాబు. నా సేతుల్తో పెంచినాను, నా సేతుల్తోనే పంపినాను."

"ఎన్నింటికి?"

"పాస్టరుగారొచ్చినాక. పదకొండయింది."

"పదకొండు దాకా శవం దగ్గర ఎవరున్నారు?"

"ఏడింటికి కెజియా పడిపోనాది. దాన్ని పక్కింటికి మోసుకుపోనాం. రమణమూర్తి బాబు 'మీరెల్లండి, నాను కూకుంటాను' అన్నాడు. దరమపెబువు."

"వేళ్ళ మీద ఏమైనా చూశావా?"

పాపమ్మ ఆలోచించింది.

"ఎడం బొటనేలు ఊదాగా ఉంది బాబు. సబ్బెట్టినా, పీచెట్టి రుద్దినా పోనేదు. జబ్బు ఏలికి కూడా ఎక్కినాదనుకున్నాను."

శుక్రవారం ఉదయం 10.00. స్టేషన్.

ఎస్.ఐ. కుర్చీలో ఉన్నాడు. బెంచీ మీద ఒక చివర కెజియా, పాపమ్మ. రెండో చివర రమణమూర్తి, తెల్ల లాల్చీలో.

ఈశ్వరరావు బల్ల మీద మూడు కాగితాలు పరిచాడు.

"సార్, ఇది నూకమ్మ వేలు. ఇరవై ఏళ్ళుగా పిక్కలు కొడుతోంది. చూడండి, గీతలే లేవు. మచ్చ. జీడిసొన వేలి తోలు తినేస్తుంది. 2001లో జెకర్యా వేసిన ముద్ర కూడా ఇలాగే మచ్చ."

"అయితే రసీదు మీదున్నది వేరేవాడి వేలా?" అన్నాడు ఎస్.ఐ.

"కాదు సార్. నేనూ మొదట అదే అనుకున్నాను. ఈ కింది ముద్ర నూకమ్మ కోడలిది. నాలుగు నెలలు పని మానేసింది. తోలు మళ్ళీ వచ్చింది, గీతలొచ్చాయి. జెకర్యా జూన్ నెలాఖరు దాకా పిక్కలు కొట్టాడని నూకమ్మే చెప్పింది. ఏప్రిల్ 12న వాడి వేలికి గీతలుండవు. ఉన్నాయంటే ఆ ముద్ర పని మానేసిన కొన్ని నెలలకి పడింది."

రమణమూర్తి ఉంగరం తిప్పుకుంటున్నాడు.

"జూలై నుంచి వాడిని చూడలేదని, ఈ ఏడాది పలాస దాటలేదని మీరే సంతకం పెట్టారు. మరి వాడి గీతలున్న వేలు మీకెక్కడ దొరికింది?"

రమణమూర్తి లేవబోతే ఈశ్వరరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"శవం మైలని రెండు వేలు పోసి శాంతి చేయించుకున్న మనిషి శవాన్ని నట్టింట్లోకి ఎందుకు రానిచ్చాడు? వీధిలో టెంటు కింద పెడితే జనం చుట్టూ ఉంటారు. లోపలైతే తలుపు వేసుకోవచ్చు. శవం వచ్చిన మంగళవారం ఏడుకీ పదకొండుకీ మధ్య మీరొక్కరే లోపలున్నారు. ఏప్రిల్‌లో మీ అవసరానికి తీసుకున్న డబ్బు ఎంట్రీ పాసుబుక్కులో చూసుకుని ఆ తేదీ రాశారు. చచ్చినవాడి వేలు ప్యాడు మీద నొక్కారు."

పాపమ్మ కెవ్వుమంది. "జబ్బనుకున్నాను గదరా దేవా! సబ్బెట్టి రుద్దినాను గదరా!"

"పదిహేనేళ్ళుగా జీడి డబ్బు తింటున్నారు, రమణమూర్తిగారూ," అన్నాడు ఈశ్వరరావు. "ఒక్కనాడైనా పిక్క పట్టుకుని ఉంటే ఈ పొరపాటు చేసేవారు కాదు."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. రమణమూర్తి ఎస్.ఐ. కాళ్ళ దగ్గరికి వంగాడు. ఈ క్షణంలో ఇచ్చేస్తానన్నాడు. మనిషిని పంపాడు. 11.20కి పదిహేను వేలు బల్ల మీదికొచ్చాయి.

ఈశ్వరరావు కెజియా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, నీ ఇష్టం. ఫోర్జరీ కేసు పెడితే ఈయన లోపలికెళ్తాడు. కాగితాలు కోర్టుకెళ్తాయి. నీ డబ్బు తేలేసరికి రెండేళ్ళో మూడేళ్ళో. రాజీకొస్తే డబ్బు ఇప్పుడే. కానీ ఈయన రేపు కూడా ఆ వీధిలో పుణ్యాత్ముడుగానే తిరుగుతాడు."

"నాకు సోమవారం దాకానే ఉంది బాబు. డబ్బిప్పించండి."

ఈశ్వరరావుకి ఏడుపొచ్చినంత పనైంది. కేసు డైరీ మూసేశాడు. ఇరవై రెండేళ్ళలో ఇంత శుభ్రంగా తేలిన కేసు ఆయనకి ఇంకోటి లేదు.

కెజియా డబ్బు కొంగున కట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి రమణమూర్తి ముందుకొచ్చి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు.

"ఆయన సెయ్యి ఒక్కపాలి పట్టుకోయే అని మా అత్త ఎంత సెప్పినా నాను పట్టుకోనేకపోనాను బాబు. ఐసు మీద సల్లగా ఉంటాదని బయమేసింది. ఇరవై ఏళ్ళు కాపరం సేసినదాన్ని."

రమణమూర్తి తల దించుకున్నాడు.

"మీరు పట్టుకున్నారు గదా. ఎలాగుంది బాబు ఆ సెయ్యి?"

ఎస్.ఐ. కూడా పెన్ను కింద పెట్టేశాడు. కెజియా నిజంగానే తెలుసుకోవాలన్నట్టు చాలాసేపు నిలబడింది. పాపమ్మ వచ్చి కోడలి భుజం పట్టుకుని మెట్లు దింపింది.