గడ్డం గీయించిన మర్నాడు

ప్రేమలో పడటానికి బస్టాపులున్నాయి, లైబ్రరీలున్నాయి, వానలో ఇద్దరికీ చాలని గొడుగులున్నాయి. మనవాడు మాత్రం పోయి పోయి క్యాన్సర్ ఆసుపత్రిలో, బల్ల మీద వెల్లకిలా పడుకుని ప్రేమలో పడ్డాడు.

రైల్వే స్టేషన్లో అనౌన్సర్ ఉద్యోగం అతనిది. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో ఊరందరికీ చెప్పే ఆ గొంతులోనే కణితి లేచింది. రేడియేషన్‌తో కరిగిస్తామన్నారు డాక్టర్లు. గొంతు మునుపటిలా మిగులుతుందని మాత్రం ఒక్కరూ అనలేదు.

ముందు మాస్క్ తయారుచేశారు. వేడినీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని గడ్డంతో సహా మొహం మీద పరిచి, గట్టిపడేదాకా కదలొద్దన్నారు. రోజూ ఆ మాస్క్‌నే బల్లకి బిగిస్తేనే తల కదలకుండా ఉండి, కిరణాలు వెంట్రుకవాసి తప్పకుండా కణితి మీద పడతాయట. అక్కడ చదువు కూడా చెప్తారు కాబట్టి నేర్చుకునేవాళ్ళు చుట్టూ మూగారు. వాళ్ళలో ఒకమ్మాయి ట్రైనీ ఫిజిసిస్ట్. కిరణాలు ఎటునుంచి ఎంత పడాలో లెక్కగట్టడం ఆమె పని.

"కదలొద్దన్నారా లేదా?" అంది ఆ ఫిజిక్స్ అమ్మాయి.

"నేను కదల్లేదండీ."

"మాట్లాడితే దవడ కదుల్తుంది."

మాస్క్ తీశాక అతను నోరు విప్పగానే ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "ఈ గొంతు నాకు తెలుసు. మీరు 'దయచేసి గమనించండి' అన్నారంటే మా బండి గంట లేటు."

"లేటయ్యేది బండి. తిట్లు నాకు."

ఆమె నవ్వింది. అతగాడి పని అయిపోయింది.

ఆ తర్వాత రోజూ మెషీన్ నడిపే గది అద్దం వెనక ఆమె ఉందో లేదో చూసుకునే బల్ల ఎక్కేవాడు. ఒకరోజు వానకి ఇద్దరూ మెట్ల దగ్గర ఆగిపోయారు.

"ఆ గడ్డం వెనక అసలు మొహం ఉందాండీ? ఎప్పుడైనా చూపించండి," అంది.

చూపించాడు. మర్నాడు నున్నగా గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు.

గుబురు గడ్డంతో పోతపోసిన మాస్క్ నున్నటి బుగ్గల మీద బిగుస్తుందా? టెక్నీషియన్ వేలు పెడితే సందులో దూరింది. మెషీన్ ఆపేశారు. పెద్ద డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. "మళ్ళీ మాస్క్, మళ్ళీ స్కాన్, మళ్ళీ ప్లాన్. ఈలోగా కణితి చేతులు కట్టుకుని కూర్చుంటుందా?"

నడవలో ఆమె ఎదురొచ్చింది. "ఎవరు గీయించుకోమన్నారు మిమ్మల్ని?"

"మొహం చూపించమన్నారుగా."

ఆమె మొహం పాలిపోయింది. "నేను సరదాకన్నాను."

"నేను సరదాకి తీయించలేదండీ."

ఆమె గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

కొత్త ప్లాన్ వచ్చింది గానీ ఆమె రాలేదు. టెక్నీషియన్‌ని అడిగితే, "మీ కేసు తనకొద్దని చెప్పేసిందండీ," అన్నాడు. తనని చూసీ చూసీ ఆమెకి విసుగెత్తిందనుకున్నాడు మనవాడు. ఆ బాధ చాలదన్నట్టు కిరణాలకి గొంతు లోపల కాలిపోయినట్టయింది. మంచినీళ్ళు కూడా దిగడం లేదు. మాట గుసగుసగా మిగిలింది. ఒక పొద్దున మంచం దిగలేదు.

"ఇక రానక్కా. నావల్ల కాదు."

"నువ్వు మానేస్తే నేనేమైపోవాల్రా?" అంది అక్క. అమ్మా నాన్నా పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఏడుస్తూనే చొక్కా తొడిగి లాక్కొచ్చింది. తిన్నగా ఫిజిక్స్ విభాగం పెద్దాయన గదిలోకి తీసుకెళ్ళి దులిపేసింది.

"మీ పిల్ల వేళాకోళానికి మావాడు బలయ్యాడు. పైగా మధ్యలో వదిలేసి పోయింది. ఇదేనా సార్ మీరు నేర్పేది?"

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "అమ్మా, ఇక్కడ మాకో పద్ధతుంది. సొంతమనిషికి మేం లెక్క కట్టం. భయంతో డోసు తగ్గించేస్తాం. మా ఆవిడకి వచ్చినప్పుడు నేనూ తప్పుకున్నాను. ఆ గడ్డం గొడవైన సాయంత్రమే ఈ అమ్మాయొచ్చి, ఆ పేషెంటు నాకొద్దు సార్ అంది. ఎందుకన్నాను. సొంతమనిషంది. బంధువా అనడిగితే ఏడ్చేసింది."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. అతను అప్పటికే గది దాటాడు.

ఫిజిక్స్ అమ్మాయి నడవ చివర గోడకానుకుని ఉంది. లోపలి మాటలన్నీ విన్నట్టుంది.

"నాతో చెప్పొచ్చుగా," అన్నాడు. గాలి తప్ప గొంతు రాలేదు.

"ఏమని చెప్పను? నా మాట వల్లే మీకు ఆలస్యమైంది."

"ఈ గొంతు పోతే?"

"పోవచ్చు. మీకు అబద్ధం చెప్పను." కళ్ళు తుడుచుకుంది. "నాకు భయంగా ఉంది. మీరంటే ఇష్టం. రెండూ నిజమే. ముందు లోపలికి వెళ్ళండి, టైమవుతోంది."

వెళ్ళాడు. బరువైన తలుపు మెల్లగా మూసుకుంటుంటే వెనక్కి తిరిగి చూశాడు. ఆమె అద్దం గది వైపు పోలేదు. పేషెంట్ల తాలూకు వాళ్ళు కూర్చునే బెంచీ దగ్గరికి వచ్చి నిలబడింది. అక్క కాసేపు ఎగాదిగా చూసి, పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చో. లోపల ఏం చేస్తారో తెలీక రోజూ ఇక్కడ చచ్చిపోతున్నాను. నీకు తెలుసుగా, చెప్పు."

"ఇవాళ నాకూ ఏమీ తెలీడం లేదు, వదినా."