కుందేళ్ళ గదిలో జ్వరం

శుక్రవారం మధ్యాహ్నం. అందరూ నమాజుకు వెళ్ళారు. దోహా శివార్లలోని మా సెలైన్ కంపెనీ ల్యాబులో నేనొక్కదాన్నే మిగిలాను. కిటికీలు లేని భవనం. బయట ఎండ మండిపోతున్నా, లోపల మనిషి కదిలితేనే లైటు వెలుగుతుంది. నాకు కదలడానికి కూడా ఓపిక లేదు.

సెలైన్‌లో జ్వరం తెప్పించే మలినం ఉందో లేదో చూడడం, పన్నెండేళ్ళుగా ఇదే నా పని. మొదట్లో మూడు కుందేళ్ళకు ఎక్కించేవాళ్ళం. వాటి ఒంటి వేడిని మూడు పెన్నులు కాగితం మీద గీస్తుంటే మూడు గంటలు చూస్తూ కూర్చునేదాన్ని. తర్వాత సముద్రపు పీతల రక్తంతో చేసే పరీక్ష వచ్చింది. ఇప్పుడు మనుషుల రక్తకణాలతోనే చేస్తున్నాం. కిందటేడు కుందేళ్ళ గది మూసేశాం. వాటికి మేత వేసే ఏసోబు ఆ రోజు ఏడ్చాడు.

"పోనీలే మేడమ్, ఇంగ వాటికి సూదుల బాధ లేదు," అని కొత్త పరీక్షకు తనే రక్తం ఇచ్చాడు.

ఆ ఏసోబే పొద్దున ఎండకు పడిపోయాడు. కంపెనీ క్లినిక్‌లో సెలైన్ నిండుకుంది. నేను సంతకం పెడితేనే ఈ బ్యాచ్ వెళుతుంది. ఫోన్‌లో అతని గొంతు పీలగా వినిపించింది.

"మేడమ్... నోరెండిపోతాంది."

"వస్తుంది, పడుకో ఏసోబూ."

పరీక్షలో ఏ దోషమూ తేలలేదు. సంతకానికి పెన్ను తీశాను. అప్పుడు వినిపించింది... కర్... కర్... కాగితాన్ని గీకుతున్న చప్పుడు.

కుందేళ్ళ గది తలుపు తీశాను. ఎండుగడ్డి వాసన. తడిసిన బొచ్చు వాసన. ఏడాదిగా ఫినాయిల్‌తో కడుగుతున్న గది అది! చీకట్లో, ఒంటి వేడి గీసే పాత యంత్రం నడుస్తోంది. లైటు వెలిగింది. దాని ప్లగ్ నేల మీద పడి ఉంది. మూడు గీతలు... ముప్పై తొమ్మిది డిగ్రీలు... నలభై... ఇంకా పైకి.

భయం వేసింది. అంతకంటే ఎక్కువ విసుగేసింది. మళ్ళీ పరీక్ష చేయాలంటే రెండు రోజులు. ఖాళీ గది చెప్పిందని బ్యాచ్ ఆపితే ఎవరు నమ్ముతారు? అక్కడ మనిషి దాహంతో అల్లాడుతున్నాడు. సంతకం పెట్టేశాను.

గంట తర్వాత మళ్ళీ... కర్... కర్...

పరుగెత్తాను. మూడు పెన్నులూ కాగితానికి ఎడంగా లేచి ఉన్నాయి. అయినా చప్పుడు ఆగలేదు. క్లినిక్‌కు ఫోన్ చేశాను. నర్సు గంగామణి ఎత్తింది.

"డ్రిప్ పెట్టి పది నిమిషాలాయె మేడమ్. మంచిగ పండుకున్నడు."

"తీసెయ్... వెంటనే తీసెయ్!"

"ఎందుకు మేడమ్? అంతా మంచిగుందని మీరే రాసిండ్రు గదా?"

కాగితం మీదికి వంగి చూశాను. నాలుగో గీత కనిపిస్తోంది. అంచున ఉన్న టైము గుర్తుల ప్రకారం, సరిగ్గా పది నిమిషాల కిందట మొదలైంది. కుందేలు గీత ఎప్పుడూ ముప్పై ఎనిమిది దాటాకే మొదలయ్యేది.

ఇది ముప్పై ఏడు దగ్గర, మనిషి ఒంటి వేడి దగ్గర మొదలైంది. పైకి వెళుతోంది...