కటకటాల్లోంచి వైద్యం

థోరా బ్రాండ్వోల్డ్ పొద్దున్నే పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి కొత్త ఖైదీ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అతని చేతులు రెండూ ఊచల్లోంచి మోచేతుల దాకా బయట ఉన్నాయి. బయట సందులో డోల్మన్ పెద్దమ్మ కిటికీకి వీపు ఆనించి, గాలికి ఎగిరిపోకుండా టోపీ పట్టుకుని ఉంది. ఆమె వెనక మంచులో ఇంకొందరు వరస కట్టారు.

"ఏం చేస్తున్నారక్కడ?" అంది థోరా.

"ఊపిరి వదలండి పెద్దమ్మా," అన్నాడతను. టక్కుమని చిన్న చప్పుడు. "అమ్మయ్య," అంది పెద్దమ్మ.

"మిమ్మల్నే! ఈ పని చేసినందుకే కదా లోపల వేశారు?"

"అవును. ఇంకో నేరం నాకు చేతకాదు."

"మా నాన్నని పిలుస్తాను."

"పిలవండి. వరసలో చివర నిలబడమనండి."

థోరా పళ్ళెం తలుపు సందులోంచి లోపలికి తోసింది. కాఫీ సగం ఒలికింది. అది పొరపాటున ఒలికింది కాదు.

ఆ ఊళ్ళో జైలూ షెరీఫ్ ఇల్లూ ఒకటే కప్పు కింద ఉంటాయి. ముందు గదుల్లో షెరీఫ్ నెల్స్ బ్రాండ్వోల్డ్ కుటుంబం, వెనక గదుల్లో ఖైదీలు. అయోవా రాష్ట్రంలో చాలాచోట్ల అంతే. ఖైదీలకు వండిపెట్టడం షెరీఫ్ ఇంట్లో ఆడవాళ్ళ పని. తల్లి పోయాక ఆ పని థోరాకి వచ్చింది. రైలు కూత వినిపించినప్పుడల్లా ఆమె కిటికీ దగ్గరికి వెళుతుంది. ఈలోగా బంగాళాదుంపలు మాడిపోతాయి.

ఖైదీ పేరు ఎమ్మెట్ కీస్లింగ్. డావెన్‌పోర్ట్‌లో కైరోప్రాక్టిక్ చదివి వచ్చాడు. వెన్నుపూసల్ని చేత్తో సరిచేసే వైద్యం అది. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని డాక్టర్ ప్రూయిట్ ఫిర్యాదు చేశాడు. జరిమానా కట్టు, లేదా జైలుకెళ్ళు అన్నాడు జడ్జి. ఎమ్మెట్ జైలుకొచ్చాడు. ఇక ఈ కౌంటీలో ఎవరి వీపూ ముట్టుకోనని సంతకం పెడితే ఏ రోజైనా వెళ్ళిపోవచ్చు. అదీ పెట్టలేదు.

"జరిమానా కట్టడానికేం?" అంది థోరా మర్నాడు.

"కడితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే. మావాళ్ళెవరూ కట్టరు. కాన్సాస్‌లో కట్టలేదు, ఇక్కడా కట్టం. జైళ్ళు నిండితే చట్టం అదే వస్తుంది. మా వైద్యానికీ లైసెన్సులిచ్చే బిల్లు శాసనసభలో నడుస్తోంది."

"వీపు నొక్కితే రోగాలు పోతాయా, నిజంగా?"

"పాతికేళ్ళ కిందట మా బడి పెట్టిన పెద్దాయన చెవిటి పనివాడొకడి వీపు మీద చేయివేసి ఒక్క నొక్కు నొక్కాడట. వాడికి వీధిలో బళ్ళ చప్పుడు వినిపించిందట. మా వైద్యం పుట్టిందే అక్కడ."

"అట, అట! మీరు చూశారా?"

"నేనప్పటికి ఇంకా పాకుతున్నాను."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

సందులో జనం లేనప్పుడు ఎమ్మెట్‌కి తోచేది కాదు. ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగేవాడు. ఊచలు నొక్కేవాడు, బల్ల నొక్కేవాడు. ఆ అడుగుల చప్పుడు వంటింట్లోకి వినిపించి థోరాకి పని సాగేది కాదు. చివరికి రొట్టెపిండి పళ్ళెంతో సహా తెచ్చి లోపలికి తోసింది.

"ఇదిగో, దీన్ని నొక్కండి. మా నేల అరిగిపోతోంది."

అతను అరచేతి మొదలుతో పిండిని ఒక్క తోపు తోశాడు. పళ్ళెం ఎగిరింది.

"అయ్యో! పిండి మీకేం అపకారం చేసింది?"

"మా బళ్ళో ఇలాగే నేర్పారు."

"మీ బళ్ళో రొట్టె తినరా? తోసి, కాస్త వదలాలి. అది వెనక్కి వస్తుంది కదా, అప్పుడు మళ్ళీ. వేళ్ళకి తెలియడం లేదా?"

ఆ పూట రొట్టె కొరకలేక షెరీఫ్ కత్తి తెప్పించుకున్నాడు. తర్వాత్తర్వాత రొట్టె మెత్తబడింది. అది ఎవరు పిసుకుతున్నారో తెలిశాక షెరీఫ్ ముఖం గట్టిపడింది.

"వాడు నీకు నచ్చాడా?" అన్నాడు కూతురితో.

"రొట్టె నచ్చిందా మీకు?"

"అడిగినదానికి చెప్పు. ఒక్క సంతకంతో ఇంటికి పోగలిగినవాడు ఇక్కడ కూర్చున్నాడు. ఇక్కణ్ణుంచి పోతే ఇంకో కౌంటీలో కూర్చుంటాడు. పంతం పట్టినవాడికి ఎక్కడ ఆగాలో తెలియదమ్మా. వాణ్ణి చేసుకుంటే జన్మంతా జైలు వంటే నీకు."

థోరాకి ఆ మాట గుచ్చుకుంది. అందులో అబద్ధం లేదు. ఈ వంటింట్లోంచి బయటపడటమే ఆమెకి కావలసింది. ఎమ్మెట్ కూడా కావాలి. రెండూ కుదిరే దారి కనిపించడం లేదు.

ఆ మధ్యాహ్నమే అతన్ని అడిగింది. "సంతకం పెట్టెయ్యండి. ఇంకో రాష్ట్రానికి వెళ్ళిపోదాం."

"వెళ్ళిపోదాం అన్నావా?"

"అన్నాను. పెడతారా?"

అతను కిటికీ వైపు చూశాడు. "చేయి తగిలితే చాలనుకుని వచ్చేవాళ్ళు ఆ సందులో ఉన్నారు థోరా. వాళ్ళకేం చెప్పను?"

"నాకేం చెప్తారు మరి?"

ఆమె పిండి పళ్ళెం వెనక్కి లాక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు పిండి తేలేదు.

ఆ రోజే జడ్జి ఉత్తర్వు వచ్చింది, కిటికీ మూసేయమని. షెరీఫ్ పలకలూ మేకులూ తీసుకుని సందులో నిచ్చెన వేశాడు. జనం గొణుగుతూ పక్కకి జరిగారు.

"చలిలో ముసలాళ్ళం వస్తున్నాం, కాస్త జాలి లేదా షెరీఫ్ గారూ?" అంది డోల్మన్ పెద్దమ్మ.

"జడ్జిగారికి చెప్పుకో పెద్దమ్మా. నాకూ నడుం నొప్పే."

అంటూనే పై మేకు కొట్టడానికి చేయి చాచాడు. నిచ్చెన కాలు మంచు మీద జారింది. షెరీఫ్ వెల్లకిలా రాతిమెట్టు మీద పడ్డాడు.

థోరా పరుగెత్తుకొచ్చేసరికి కళ్ళు తెరిచే ఉన్నాడు. "కాళ్ళు తెలియడం లేదమ్మా," అన్నాడు.

ఆమె లోపలికి పరుగెత్తి, తాళంచెవి తీసి, ఎమ్మెట్ గది తెరిచింది. "రండి. సరిచేయండి. మీరు ఇన్నాళ్ళూ కూర్చున్నది దీనికోసమే కదా!"

ఎమ్మెట్ షెరీఫ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కదిలించకుండా, కోటు కిందకి వేళ్ళు పోనిచ్చి వెన్ను తడిమాడు. జనం దగ్గరికొచ్చారు.

"నొక్కు బాబూ," అంది డోల్మన్ పెద్దమ్మ. "నాకు నొక్కినట్టే ఒక్కసారి!"

ఎమ్మెట్ చేయి వెనక్కి తీసుకున్నాడు. "నేను చేయను."

"ఏమిటి?" అంది థోరా.

"ఇది చోటు తప్పిన పూస కాదు, విరిగింది. వేలికి మెట్టులా తగులుతోంది. నొక్కితే కాళ్ళు పూర్తిగా పోతాయి. ఎవరూ కదిలించకండి. తలుపు చెక్క ఒకటి ఊడదీసి తెండి. థోరా, ప్రూయిట్ దగ్గరికి వెళ్ళు."

"మిమ్మల్ని లోపల వేయించినవాడి దగ్గరికా?"

"ఊళ్ళో ఇంకో డాక్టరు ఉన్నాడా? పరుగెత్తు!"

ప్రూయిట్ వచ్చి చూశాడు. సూదితో అరికాళ్ళు గుచ్చి చూస్తే ఎడమ బొటనవేలు కొద్దిగా కదిలింది. "కదిలించలేదు కదా ఎవరూ?" అన్నాడు. కదిలించలేదన్నారు. "చెక్క తెమ్మన్నదెవరు?" జనం ఎమ్మెట్ వైపు చూశారు. ప్రూయిట్ అతని వంక ఒకసారి చూసి, "ఆ మూల పట్టుకో. నేను అన్నప్పుడే ఎత్తాలి," అన్నాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు.

పని అయ్యాక ఎమ్మెట్ తన గదిలోకి వెళ్ళి తలుపు తనే లాక్కున్నాడు.

మేకులు కొట్టేవాడు లేక కిటికీ తెరిచే ఉండిపోయింది, అయినా వరస పలచబడింది. చేతకాక డాక్టర్ని పిలిచాడని ఊళ్ళో అనుకున్నారు. డావెన్‌పోర్ట్ నుంచి అతని తరఫున వచ్చిన వకీలు అంతకంటే ఘాటుగా అన్నాడు. "ఫిర్యాదు చేసినవాణ్ణే పిలిపించావు! రేపు శాసనసభలో అదే ఎత్తి చూపిస్తారయ్యా."

"చూపించనీండి. ఏది ముట్టుకోకూడదో తెలిసినవాడికే లైసెన్సు ఇమ్మనండి. పరీక్ష పెడితే నేను రాస్తాను. విడుదలయ్యాక ఎక్స్‌రే నేర్చుకోవడానికి మళ్ళీ డావెన్‌పోర్ట్‌కే పోతాను. వేళ్ళతో తెలిసింది ఈసారి కంటితో చూసి చెప్పాలి."

థోరా నడవలో నిలబడి విన్నది. ఆ సాయంత్రం పిండి పళ్ళెం మళ్ళీ లోపలికి వచ్చింది. పళ్ళెం అంచు ఇద్దరి చేతుల్లోనూ కాసేపు ఉండిపోయింది.

మంచు కరిగేనాటికి బిల్లు చట్టమైంది. శిక్ష పూర్తిచేసుకుని ఎమ్మెట్ ముందు గదిలోకి వచ్చాడు. షెరీఫ్ ఛాతీ నుంచి తుంటి దాకా ప్లాస్టర్ కట్టుతో మంచం మీద ఉన్నాడు. కాళ్ళు కదులుతున్నాయి, పొయ్యి దగ్గరి పిల్లిని కాలితో తోసి చూపించాడు.

"ఈ కౌంటీలో నువ్వు నొక్కనన్న వీపు నాదొక్కటేనయ్యా."

"అవునండీ."

"దానికే ఒప్పుకుంటున్నాను. నొక్కి ఉంటే పిల్లనిచ్చేవాణ్ణి కాదు, ఇవ్వడానికి నిలబడేవాణ్ణీ కాదు."

"థోరా ఎక్కడండీ?"

"నన్నడుగుతావేం? స్టేషన్‌లో చూసుకో. వంటకి మా చెల్లెలొచ్చింది."

థోరా ప్లాట్‌ఫారం మీద పెట్టె మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికి?"

"డావెన్‌పోర్ట్. మీ బళ్ళో ఆడవాళ్ళని కూడా చేర్చుకుంటారటగా. చేరుతున్నాను."

"నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"జైలుకెళ్ళేటప్పుడు నువ్వు నాతో చెప్పావా?"

"అప్పటికి నువ్వు నాకు తెలియదు కదా!"

"అది నీ తప్పు."

రైలొచ్చింది. ఇద్దరికీ కిటికీ పక్కన చోటు దొరికింది. బండి కదిలాక అతను గొంతు సవరించుకున్నాడు. "మీ నాన్నగారు ఒప్పుకున్నారు. మరి పెళ్ళి..."

"నన్నడుగుతున్నావా, చెప్తున్నావా?"

"అడుగుతున్నాను."

"అయితే అటు తిరుగు."

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు."

"ఊళ్ళోవాళ్ళందరికీ సందులో నిలబెట్టి చేశావు. తిరుగు."

తిరిగాడు. ఆమె మెడ దగ్గర వేలు పెట్టి, ఒక్కో పూసా తడుముతూ కిందకి వచ్చింది. ప్రతిదాని పేరూ అడిగింది, అతను చెప్పాడు. రెండు రెక్కల ఎముకల మధ్య వేలు ఆగింది.

"ఇక్కడ?"

"అక్కడ... కొంచెం పట్టేసింది. మెల్లిగా నొక్కు."

"నేనింకా నొక్కడం మొదలుపెట్టలేదు," అంది థోరా. చేయి మాత్రం అక్కణ్ణుంచి తీయలేదు.