ఎడమకు తిరిగే సైకిల్

లాలాగూడల రైలు కమాను ఉన్నది జూడుర్రి... చీకటి వడ్డంక దాని కిందికెల్లి సైకిల్ మీద ఎవ్వడు పోడు. ఆటోవాలలు సుత మూడుసార్లు హారన్ గొట్టి పోతరు. నేనైతే ఒకపారి దాని కిందనే తువ్వాల పరుసుకొని పండుకున్న. దెయ్యమే నన్ను జూసి పక్కకు జరిగింది.

నవ్వకుర్రి. నిజం.

అక్కడ ఏమున్నదంటే — చప్పుడు. తొక్కుడు ఆపితే సైకిల్ ఎనక చక్రం చేస్తది జూడు, టిక్ టిక్ టిక్... గదే. చప్పుడు మాత్రం ఇనొస్తది. సైకిల్ కనవడది. ఏడాది సంది గిట్లనే నడుస్తున్నది.

గా కమాను కింద సలీం భాయ్‌కి అయిన ముచ్చట జెప్తా. ఆయన నోటికెల్లి నేనొక్కన్నే ఇన్న. ఇంకోడు జెప్తే నమ్మకుర్రి.

సలీం భాయ్ నా చాయ్ బండి ఎదురుంగ షెడ్డుల సైకిళ్లు జేస్తడు. కంపెనీ మాల్ గాదు... చేతితోని. పైపులు కోసి, ఇత్తడి కరిగిచ్చి అతికి, మనిషిని జూసి మనిషికి తగ్గట్టు. దర్జీ అంగీ కుట్టినట్టు. ఆయన జేసిన సైకిల్ మీద నేను ఈడికెల్లి అల్వాల్ దాంక రెండు చేతులిడిసి పోయిన. మధ్యల బీడీ సుత ముట్టిచ్చిన. ఎంట్రుకంత వంకర పోలే.

ఆయన కాడ టేపు ఉండది. దారం ఉంటది. కాలుకు ఒక ముడి, నడుముకు ఒకటి, ఒక్కో చేతికి ఒక్కోటి. ముడులేసి ఆ దారాన్ని గోడ మీద మొలకు ఏలాడదీస్తడు. పేరు రాయడు. ఏ మొలకు ఎవ్వరో అంత యాదిలనే. ఆ గిరాకీ సచ్చిపోతే మాత్రం, దారం తీస్కపోయి పీనుగ చేతికి కట్టొస్తడు. ఆ కొలతతోని మల్ల ఇంకోనికి సైకిల్ జెయ్యొద్దంటడు.

పెండ్లాం ఖమర్ బీ సచ్చిపోయినంక ఆయనకు గా పనే తోడు. ఆమె ఉన్నప్పుడు ఏడు గొట్టంగనే షెడ్డు బంద్ జేసి ఇంటికి ఉరికెటోడు. ఇప్పుడు ఇంటికి పోవుడే మర్శిపోయిండు.

గట్లుండంగ ఒకనాడు సత్యదేవ్ సార్ వచ్చిండు. అల్వాల్‌ల ఉంటడు, ఆఫీసు మా దిక్కే. ఎత్తు మనిషి, మోకాళ్లు నొస్తున్నయని సలీం భాయ్ తోని ఈ నడుమనే సైకిల్ జేపిచ్చుకున్నడు. వచ్చి, సైకిల్ గోడకానిచ్చి, మెల్లగ అన్నడు.

"సలీం భాయ్, పగలు మంచిగనే పోతది. పొద్దుగూకినంక కమాను కిందికి పోతే ఎడమకు గుంజుతున్నది. మూడు దినాలాయె. పాత క్వార్టర్ల గల్లీలకు తీస్కపోతున్నది. దీంట్ల దెయ్యమన్న ఉన్నది... నీ చెయ్యన్న పోయింది."

సైకిల్ ఆడనే ఇడిసిపెట్టి, ఆటో ఎక్కి పోయిండు.

ఆ దినం సలీం భాయ్ చాయ్ తాగలే. దారం గట్టి ఫ్రేము పైపులన్ని జూసిండు. ఒక్క కాడ వంకర లేదు. మల్ల జూసిండు. లేదు. అప్పుడు నా బండి కాడికొచ్చి నిలవడ్డడు.

"దెయ్యమే అయితే బాగుండు, కిషన్."

నేను నవ్విన. దెయ్యం పోవాల్నని మొక్కెటోళ్లను జూసిన గని, ఉండాల్నని మొక్కెటోన్ని ఆయన్నే జూసిన. ఏందీ భాయ్, పరేషాన్ అయితున్నవ్ అన్న.

"చెయ్యే పోయిందనుకో... పొద్దుగాల లేచి ఏం జెయ్యాలె నేను?"

చాయ్ పోసి ముంగట పెట్టిన. ముట్టలే.

ఆ సాయంత్రమే ఆయన సైకిలెక్కిండు. నువ్వొస్తవా అని అడిగిండు. నాకు గప్పుడే గిరాకీ షురూ అయింది... లేకుంటే పోకపోదునా!

ఏడున్నర. చలికాలం. కమాను కింద లైటు పోయి ఎన్ని దినాలైందో. దిగుడు కాడ తొక్కుడు ఆపిండు.

టిక్... టిక్... టిక్...

తన చక్రమా, ఎనక వచ్చేదా... తెల్వలే. ఎనకకు తిరగలే. గొంతు తగ్గిచ్చి అడిగిండంట —

"ఉన్నవా?"

పైకెల్లి రైలు పోయింది. కమాను అదిరింది. మల్ల ఒక్కడే మిగిలిండు... చీకట్ల... చేతిల హ్యాండిల్.

గప్పుడు హ్యాండిల్ తిరిగింది. ఎడమకు. తానే.

ఇంకోడైతే దుంకి ఉరుకుతుండె. సలీం భాయ్ పానం నిమ్మళమైంది. ఉన్నది... దెయ్యమే ఉన్నది... నా చెయ్యి పోలే అనుకున్నడు. అది ఎటు తిప్పితే అటే పోనిచ్చిండు. కాలీ క్వార్టర్లు ఒక్కొక్కటి దాటినయి. గల్లీ కొసకు ఒక్క ఇంట్ల లైటు. గేటు కాడికి పోయి సైకిల్ ఆగింది. టిక్ టిక్ సుత ఆగింది.

గంట కొట్టనే లేదు. తలుపు తెరుసుకున్నది.

"వచ్చినవా?"

ఆడమనిషి. చేతిల చాయ్ కప్పు. ఎవ్వరో గాదు, రోసమ్మ. రోనాల్డ్ సాబ్ పెండ్లాం. రోనాల్డ్ సాబ్ సలీం భాయ్ పాత గిరాకీ, దోస్తు సుత. పోయినేడు గుండె ఆగి సచ్చిపోయిండు.

సలీం భాయ్‌ని జూసి ఆమె మొఖం సిన్నగైంది. మూడు దినాల సంది గీ యాల్లకు గేటు కాడ చప్పుడొస్తున్నదంట. చాయ్ పోసుకొని తలుపు తీసేటాలకు ఎవ్వరుండరంట. సత్యదేవ్ సారు... సైకిల్ మలుపుకొని ఉరికిండు గదా!

"ఆయన సైకిల్ లెక్కనే ఉన్నది," అన్నది, హ్యాండిల్ ముట్టుకొని.

సలీం భాయ్ సుత చెయ్యి పెట్టిండు. లైటు కింద మెల్లగ తడిమిండు. తడుముకుంట తడుముకుంట మెట్టు మీద కూలవడి నవ్విండు. కండ్లల్ల నీళ్లు.

రోనాల్డ్ సాబ్ సిన్నగున్నప్పుడు చెట్టు మీదికెల్లి వడ్డడు, కుడి చెయ్యి అర ఏలు పొట్టిగైంది. అందుకే ఆయనకు హ్యాండిల్ కుడిదిక్కు అర ఏలు ఎనకకు వంచిండు సలీం భాయ్. గిదీ గట్లనే ఉన్నది! చేతులు సమంగున్నోడు పట్టుకుంటే కుడిదిక్కు ముందుకు నూకుతడు, చక్రం ఎడమకు పోతది. పగలు తోవ కండ్లకు కనవడ్తది, తెల్వకుంటనే సరిజేసుకుంటడు. చీకట్ల ఎట్ల సరిజేస్తడు?

"నా చెయ్యి పోలే భాభీ. దారం మారింది. ఇద్దరిది ఒక్కటే ఎత్తు. సత్యదేవ్ దారమనుకొని రోనాల్డ్ సాబ్‌ది తీసిన."

గంతే. దెయ్యం లేదు, గియ్యం లేదు.

ఏంది, లేస్తుర్రు? కూసోర్రి జెర.

రోసమ్మ నవ్వలే. కప్పు కింద వెట్టింది.

"ఆ దారం... పెట్టెల ఆయన చేతికి నువ్వే గదా కట్టినవ్, సలీం భాయ్. నా ముంగటనే మన్నేసిర్రు."

...

చాయ్ సల్లగయ్యేదాంక ఇద్దరు మెట్ల మీదనే కూసున్నరంట.

సత్యదేవ్ సార్‌కు మల్ల కొలిచి కొత్త సైకిల్ జేసిచ్చిండు. అది బాణం లెక్క సక్కగ పోతది. గీ సైకిల్‌ను సలీం భాయ్ తనే ఉంచుకున్నడు. హ్యాండిల్ సరిజెయ్యలే. ఏడు గొట్టంగనే షెడ్డు బంద్ జేస్తడు ఇప్పుడు. కమాను కింద తొక్కుడాపుతడు... అది తీస్కపోతది.

రోసమ్మ మూడు కప్పులు పోస్తది. ఒకనాడు నేను సుత పోయిన, నా కండ్లతోని జూసిన. ఇద్దరు రెండు తాగిర్రు. మూడోది గోడ మీద ఉన్నది. ఎవ్వరు ముట్టలే, నేను రెప్ప గొట్టలే. లేచేటప్పుడు రోసమ్మ దాన్ని బోర్లిచ్చింది —

సుక్క రాలే.

నీకొకటి పొయ్యాల్నా కిషన్ అన్నది ఆమె. నాకు బండి కాడ గిరాకీ యాదికొచ్చింది. కమాను కిందికి పోకుంట సుట్టు తిరిగొచ్చిన, మోండా మార్కెట్ దిక్కుకెల్లి. దూరమే... అయినా గాలి మంచిగుంటది.