వేలం ముగిసే దాకా

జూన్‌లో ఒక సోమవారం, ఉదయం ఆరున్నరకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలం ఆగిపోయింది. మొదటి కంప్యూటర్‌లో ఒక బోటు ఎంట్రీ తెరుచుకుంది. మిగతావాటిలో తిరిగే చక్రం తప్ప ఏమీ రాలేదు.

వేట నిషేధం ముగిశాక బోట్లన్నీ కలిసి ఒడ్డుకు చేరిన తొలి రోజు అది. ఎంట్రీ తెరిస్తే బోటుకు వేలం నంబరు వస్తుంది. నంబరు వస్తేనే పాట మొదలవుతుంది. ఆ ప్రోగ్రాం రాసింది కృష్ణంరాజు. అతని తల్లి గంగాలమ్మ అక్కడే వేలం పాట నడిపిస్తుంది.

"ఒరే రాజూ! నీ కంపూటరు లేసీసరికి ఇవన్నీ ఎండుసేపలైపోతాయిరా!" అంది అందరి ముందూ.

అతను సర్వర్ రీస్టార్ట్ చేశాడు. కాసేపు కదిలి మళ్లీ ఆగింది. మళ్లీ రీస్టార్ట్ చేశాడు.

బోటు యజమానుల సంఘం పెద్ద జగ్గారావు గొడుగు కిందనుంచి చెప్పాడు. "రేపు కూడా ఇలాగే ఆగితే తీసేత్తాం అల్లుడూ. మాకు కాగితాలే నయం." ఆ రోజుకు వేలం కాగితాల మీదే మొదలుపెట్టించాడు.

కృష్ణంరాజు ఒంటరిగా చేసిన మొదటి పని అది. తనవాళ్ల కోసం అడిగి మరీ తీసుకున్న పని.

తొమ్మిదింటికి రుషికొండ ఆఫీసు నుంచి హేమశ్రీ స్కూటీ మీద వచ్చింది. కృష్ణంరాజు పనిచేసే కంపెనీలో డేటాబేస్‌లు చూసేది ఆమే. అప్పటిదాకా అతనికి ఆమె మెయిల్‌లో ఒక పేరు మాత్రమే. రెయిన్‌కోటు విప్పకుండానే అడిగింది.

"రీస్టార్ట్ చేసిందెవరు?"

"నేనే మేడమ్. ఇండెక్స్‌లు కూడా పెట్టాను. అన్ని కాలమ్స్‌కీ."

"అన్నిటికీనా? పెళ్లిలో కుర్చీలు వేసినట్టు?"

"స్పీడొస్తుందని..."

"వెతికేటప్పుడు వస్తుంది. రాసేటప్పుడు ప్రతి ఇండెక్స్‌నీ సవరించుకోవాలి, అది బరువు. ఎక్కడ ఆలస్యమవుతోందో చూడకుండా మందేశారు. రీస్టార్ట్ చేస్తే రోగం పోదండీ, సాక్ష్యం పోతుంది."

అతనికి కోపం వచ్చింది.

"బ్యాకప్ ఉందా?"

"రోజూ తీస్తున్నాం."

"ఎప్పుడైనా తిరిగి ఎక్కించి చూశారా?"

"లేదు."

"మరి ఉందని ఎలా చెప్తున్నారు?"

ఆ బ్యాకప్‌ను ఆమె తన లాప్‌టాప్‌లోకి ఎక్కించి, పనిచేస్తుందని తేల్చుకున్నాకే సర్వర్ తెరిచింది. ఆగి ఉన్న పనుల వరుస చూపించింది. "వీళ్లంతా ఆగినవాళ్లు. వీళ్లతో మనకు పనిలేదు. ఆపినవాణ్ణి పట్టుకోవాలి."

ఆపింది మొదటి కంప్యూటర్. ఎంట్రీ తెరిచారు, సేవ్ చేయలేదు.

"ఎందుకు చేయలేదు?"

కృష్ణంరాజు తల గోక్కున్నాడు. "పాట ముగిసే దాకా అమ్మ బరువు రాయనివ్వదు మేడమ్. ముందే రాస్తే సేప కలిసిరాదంటాది. అందుకే ఎంట్రీ తెరిచి ఉంచి, పాటయ్యాక ఒకేసారి సేవ్ కొట్టేలా రాశాను."

"నంబర్లిచ్చే చోటు అందరికీ ఒక్కటే కదా. పాట అయ్యేదాకా మీరు దాన్ని పట్టుకుంటే మిగతా బోట్లు ఎక్కడికి పోతాయి?"

అతను ఈ ప్రోగ్రాంను ఒక్క బోటుతోనే పరీక్షించాడు. ఇప్పుడు ఆమె ఏం చెబుతుందో ఊహించుకున్నాడు: మీ అమ్మను పద్ధతి మార్చుకోమనండి.

హేమశ్రీ ఆ మాట అనలేదు. బయటికి వెళ్లి, వానలో గంగాలమ్మ పక్కన నిలబడి, కాగితాల మీద నడుస్తున్న వేలాన్ని చివరిదాకా చూసింది. తిరిగొచ్చి జుట్టు పిండుకుంది.

"ఆవిడ పద్ధతి ఆవిడదే. నంబరివ్వగానే ఒక సేవ్. బరువు గడి ఖాళీగా ఉండనీ. పాటయ్యాక ఇంకో సేవ్. పట్టుకున్నది వెంటనే వదిలేయాలి, అంతే."

అతని కోపం ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి అది మార్చారు. వాడుకలో లేని ఇండెక్స్‌లను ఆమె చూపించింది, అతను తీసేశాడు.

మర్నాడు బోట్లన్నీ మళ్లీ ఒకేసారి వచ్చాయి. ఏ కంప్యూటరూ ఆగలేదు. జగ్గారావు కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వచ్చినవాడు, అలాగే తీసుకుపోయాడు.

ఆ తర్వాత కూడా హేమశ్రీ వీలైనప్పుడల్లా ఆఫీసుకు ముందు హార్బర్‌కు వచ్చేది. సర్వర్ చూడాలనేది. సర్వర్ రుషికొండ నుంచి కూడా కనబడుతుందని ఇద్దరికీ తెలుసు. కృష్ణంరాజు ఆమెకు టీ తెచ్చేవాడు, ప్రతిసారీ ఏదో అనబోయి బ్యాకప్ సంగతి చెప్పేవాడు.

ఆగస్టులో ఒక ఉదయం గంగాలమ్మ తట్ట దించి ఆమెను పలకరించింది.

"ఎవలమ్మాయివే పిల్లా?"

"పాలకొండ అవతలండీ. నాన్న తవిటయ్య. వ్యవసాయం."

"సేపలు తింతావా?"

"పెడితే తింటాను."

గంగాలమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఏటిరా, బోటు కట్టీసి పాట పెట్టకుండా ఎన్నాళ్లుంచుతావు?"

చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. వాన మొదలైంది. ఎవరూ కదల్లేదు.

"మేడమ్, నాను..."

"ఇంకా మేడమేనా?"

"హేమశ్రీ. నువ్వంటే నాకిష్టం. ఆ రోజు మా అమ్మ పక్కన వానలో నిలబడ్డావు సూడు, అప్పట్నించి."

"ఇన్నాళ్లూ పట్టుకుని కూర్చున్నావా? అప్పుడేం చెప్పాను నీకు?"

"సెప్పీశాను కదా ఇప్పుడు. మరి నీ సంగతేటి?"

హేమశ్రీ రెయిన్‌కోటు గుండీలు పెట్టుకుంది. "ఆదివారం చెప్తాను," అని స్కూటీ తీసింది.

ఆదివారం మధ్యాహ్నం గంగాలమ్మ ఇంట్లో వంజరం చేపల పులుసు వండింది. హేమశ్రీ వచ్చింది. వెంట వాళ్ల నాన్న తవిటయ్య ఉన్నాడు.