కిర్రుమనని తలుపు

"తప్పు నాదేనని తేలితే నాదేనని మొహం మీద చెప్పెయ్యండి. తాళంచెవి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను. ఏదీ తేలకపోతే మాత్రం నాకు నిద్ర పట్టదు," అంది గ్వెండా బెడోస్.

లడ్‌లో అనే ఊళ్ళో రొట్టెల దుకాణం పైనున్న ఆ చిన్న ఆఫీసుకి భార్య మీదో భర్త మీదో అనుమానంతో వచ్చేవాళ్ళే ఎక్కువ. తన మీద తనకే అనుమానం పుట్టి వచ్చిన మనిషిని బెవన్ చూడడం ఇదే మొదలు. అతను ఆమె చేతికి టీ కప్పు అందించాడు. అరవై దాటిన ఆ మనిషి దాన్ని రుచైనా చూడకుండా బల్ల మీద పెట్టేసింది.

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న హెస్టర్ వింటర్, "మొదట్నుంచీ చెప్పండి గ్వెండా గారూ," అంది. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టీ పట్టీ విసిగిపోయి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆవిడ. ఆవిడ కింద పని దొరకడం తన అదృష్టమని బెవన్ ఊరంతా చెప్పుకుంటాడు.

ఆల్డర్‌వుడ్ ఎయిర్‌గన్ క్లబ్బులో తుపాకులకి గాలి నింపే పని గ్వెండాది. ఆ తుపాకులు పేలేది మందుతో కాదు, గాలితో. గాలంటే సైకిల్ ట్యూబులో గాలి అనుకునేరు! కారు టైరులో ఉండేదానికి వంద రెట్లకు దగ్గర. కంప్రెసర్ ఒక పెద్ద సిలిండరును నింపుతుంది. వాల్వు కొంచెం కొంచెంగా తిప్పుతూ, దాన్నుంచి సన్నటి పైపు ద్వారా తుపాకీలోకి గాలి పంపాలి. పోయిన ఆదివారం రోలండ్ ప్రీస్ తుపాకీకి నింపుతుండగా పైపు చివరి బిగింపులో నిప్పు మెరిసి, ఢామ్మని పేలింది. ప్రీస్ చెయ్యి కాలింది.

"నా చేతుల మీదుగా ఒక మనిషి గాయపడ్డాడమ్మా. ఈ ఆదివారం కమిటీ కూర్చుంటోంది. తాళంచెవి తీసుకుంటారు, తీసుకోనీ. కానీ నేనేం తప్పు చేశానో నాకే తెలియకపోతే ఎలా?"

"పేలినప్పుడు వాసనేమైనా వచ్చిందా?"

"వచ్చింది. నూనె మాడిన వాసన. కంప్రెసర్ నూనె గాలిలో కలిసిందేమోనని వడపోత విప్పి చూశా. తెల్లగా మల్లెపువ్వులా ఉంది."

హెస్టర్ లేచి కోటు తొడుక్కుంది. "బెవన్, గొడుగు తీసుకో."

క్లబ్బు అడవి అంచున ఉంది. వాన సన్నగా పడుతోంది. షెడ్డు మారు తాళంచెవి టీ గదిలో నీళ్ళు కాగే డ్రమ్ము వెనక మేకుకి వేలాడుతుందనీ, అది అందరికీ తెలుసనీ గ్వెండా చెప్పింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

"ఇదివరకు కిర్రుమని చెవులు చిల్లులు పడేవి. ఈమధ్యే బుద్ధి తెచ్చుకుంది," అంది గ్వెండా.

లోపల అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. తుపాకీ గొట్టం గుచ్చి నిలబెట్టే ఇసకపెట్టె, మేకులకి వేలాడే రక్షణ కళ్ళద్దాలు, ఒక చిన్న డబ్బాలో తెల్లటి సిలికాన్ గ్రీజు. తెగిన పైపు కొసని బెంచీకి కట్టిన బలమైన తాడు ఇంకా అలాగే ఉంది. బిగింపు లోపల నల్లగా మసి. హెస్టర్ దాన్ని వాసన చూసింది. తరవాత బెంచీకి ఉన్న పాత వైస్, అంటే వస్తువుల్ని బిగించి పట్టే ఇనప పట్టు, దాని పిడి తిప్పింది. అది వెన్నలో కత్తిలా తిరిగింది. ఆవిడ తన వేళ్ళని కూడా వాసన చూసుకుంది.

బయట లెన్ గఫ్ ఎదురయ్యాడు. ఏటా కప్పు కోసం ప్రీస్‌తో పోటీపడి, ఏటా ఓడిపోయే మనిషి. అడగకముందే అందుకున్నాడు.

"నన్నెందుకు చూస్తారండీ అలాగ? ఆ ప్రీస్ గాణ్ణి ఓడించాలనుంది గానీ పేల్చాలని లేదు. వాడు చస్తే నేనెవర్ని ఓడించను?"

బెవన్‌కి గుమ్మడికాయల దొంగ గుర్తొచ్చాడు. ఇతనూ భుజాలు తడుముకుంటున్నాడే!

"ఆరోజు మీరెక్కడున్నారు?" అంది హెస్టర్.

"ఈ గోడ పక్కనే. ఒక వింత చెప్పనా? గ్వెండా గాలి నింపుతుంటే సన్నటి ఈల వస్తుంది. తీరిగ్గా టీ తాగెయ్యొచ్చు. ఆరోజు ఈల లేదు. బుస్సుమంది, వెంటనే ఢాం."

ప్రీస్ టీ గదిలో ఉన్నాడు. చేతికి కట్టు, మొహంలో చిరాకు.

"నేను తుపాకీ పట్టుకు నించున్నానంతే. నింపింది ఆవిడ."

"పోటీలో మీ వంతు పిలిచారా అప్పటికి?"

"పిలిచారు. అయితే ఏంటి?" అంటూ ప్రీస్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

హెస్టర్ కూర్చోబోతే కుర్చీ కీచుమంది. టీ కాచే ముసలాయన ఐవర్ మాడక్స్ గబగబా వచ్చి, "ఒక్క క్షణం లేవండమ్మా," అని కుర్చీ కీళ్ళ దగ్గర ఏదో చేశాడు. "ఇప్పుడు కూర్చోండి." కుర్చీ కిక్కురుమనలేదు. కుట్టుమిషన్లు బాగుచేసి రిటైరైన మనిషట. బెవన్ పళ్ళెంలో అడగకుండానే మరో బేకన్ శాండ్‌విచ్ పెట్టాడు.

"గ్వెండా మీద ఈగ వాలితే ఊరుకోనమ్మా నేను," అన్నాడు హెస్టర్‌తో. "మా ఆవిడ ఓల్వెన్ తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో ఉంటే, చలికాలమంతా నన్ను తన కారులో తీసుకెళ్ళి తీసుకొచ్చింది. మంచు పడ్డా మానలేదు. ఇప్పుడు ఓల్వెన్ తన కాళ్ళ మీద తాను నడుస్తోంది. ఏం చేసి ఆ తల్లి రుణం తీర్చుకోను?"

తిరిగి వస్తూ బెవన్ ఉండబట్టలేక, "లెన్ గఫే కదండీ?" అన్నాడు.

"ముందు ఆ తలుపుకి బుద్ధి చెప్పిందెవరో ఆలోచించు బెవన్," అంది హెస్టర్.

ఆదివారం అందరూ టీ గదిలో చేరారు. గ్వెండా తాళంచెవి తెచ్చి క్లబ్బు అధ్యక్షుడు హాచ్‌కిస్ ముందు పెట్టి, తల వంచుకుని కూర్చుంది. హెస్టర్ లేచి నిలబడింది.

"ఇక్కడ పగలేదు, కుట్ర లేదు. రెండు పొరపాట్లు కలిశాయి. ఏ ఒక్కటి లేకపోయినా బహుశా ఇంత జరిగేది కాదు. ప్రీస్ గారూ, గ్వెండా గారు వాల్వు కొంచెమే తిప్పి, కంప్రెసర్లో చేరిన నీళ్ళు వదలడానికి అటు తిరిగానని నాతో చెప్పారు. తరవాత దాన్ని పూర్తిగా తిప్పిందెవరు?"

ప్రీస్ మెడ ఎర్రబడింది. గదిలో అందరూ అతన్నే చూస్తున్నారు.

"నేనే," అన్నాడు చివరికి. "నా పేరు రెండోసారి పిలిచారు. ఆవిడేమో నత్తనడక. చెయ్యి పెట్టి ఒక్క తిప్పు తిప్పాను. అప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది."

"అందుకే లెన్ గారికి ఈల వినపడలేదు. అంత వత్తిడి గల గాలిని ఒక్కసారి వదిలితే కొసలో భగ్గున వేడెక్కుతుంది. అయినా ఉత్తగాలి అంటుకోదు. అంటుకోవడానికి నూనె ఉండాలి. గ్వెండా గారు వాడేది సులువుగా అంటుకోని సిలికాన్ గ్రీజు, కంప్రెసర్ వడపోత శుభ్రంగా ఉంది. మరి బిగింపులోకి నూనె ఎలా వచ్చింది? ఆ షెడ్డులో ఈమధ్య కిర్రుమనేవన్నీ మూగబోయాయి. తలుపు, వైస్..."

"ఇక చాలమ్మా," అని ఐవర్ లేచాడు. కోటు జేబులోంచి బొటనవేలంత నూనె డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ బిగింపు బిగుసుకుపోయి గ్వెండా వేళ్ళు నొప్పెట్టడం చూశాను. ముందురోజు వెళ్ళి రెండు చుక్కలు వేశాను. తలుపుకీ వేశాను. ఆమెకి తెలియకుండా ఏదో ఒక సాయం చేద్దామని... కుట్టుమిషన్‌కి నూనె ఏనాడూ కీడు చెయ్యలేదమ్మా! పేలింది దాని వల్లేనని ఇప్పుడు మీరు చెప్పేదాకా తెలీదు. షెడ్డులో పని మొదలైతే మళ్ళీ వేసుండేవాణ్ణి." డబ్బాని తన నుంచి దూరంగా నెట్టాడు. "పుణ్యానికి పోతే పాపం ఎదురైంది."

మళ్ళీ వేసుండేవాడన్న మాటకి బెవన్ ఒళ్ళు జలదరించింది. హాచ్‌కిస్ కమిటీ వైపు తిరిగి ఏదో అనబోయాడు. ఈలోగా ప్రీస్ కట్టు లేని చేత్తో జేబులోంచి రక్షణ కళ్ళద్దాలు తీశాడు. కుడివైపు అద్దం మీద అడ్డంగా లోతైన గాటు.

"ముందు ఇది చూడండి. ఈ అద్దాలు పెట్టుకోమంటే గొణిగాను. ఆ తాడుని చూసి, పైపుని కూడా ఆవులా కట్టేశావేంటి గ్వెండా అని నవ్వాను. ఆ తాడే లేకపోతే పైపు కొస వచ్చి నా మొహం పగలగొట్టేది. ఈ గాటు నా కంట్లో పడాల్సింది. ఆవిణ్ణి తీసేస్తారా? నాకు రెండు కళ్ళూ ఉన్నాయంటే ఆవిడ చలవేనయ్యా!"

గ్వెండా అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు బయటపడింది. హాచ్‌కిస్ తాళంచెవి ఆమె ముందుకి తోశాడు. ఆమె దాన్ని తీసుకుని, లేచి నేరుగా ఐవర్ దగ్గరికి వెళ్ళింది.

"పిచ్చి మనిషీ, నా వేళ్ళ నొప్పి నాకన్నా ముందు కనిపెట్టావా?" అని, బల్ల మీది నూనె డబ్బా తీసుకుని తన జేబులో వేసుకుంది. సిలికాన్ గ్రీజు డబ్బా అతని అరచేతిలో పెట్టింది. "షెడ్డులో ఇదొక్కటే. ఇకనుంచి ఆదివారమొస్తే నా పక్కన నిలబడు. మిషన్ చప్పుడు విని జబ్బు చెప్పిన చెవులు కదా నీవి. ఈల సన్నగా ఉందో లేదో నువ్వే చెప్పాలి."

ఐవర్ తలూపి, ఆ డబ్బాని కోటు జేబులో నూనె డబ్బా ఉండే చోట పెట్టుకున్నాడు. హెస్టర్ వానచుక్కలు తుడుచుకుంటున్నట్టు కళ్ళద్దాలు తుడుచుకుంది. గదిలో వానెక్కడిదని బెవన్ అడగలేదు.

నెల తరవాత కొత్త పైపు వచ్చింది. పోటీ చూడ్డానికి రమ్మని గ్వెండా ఇద్దరికీ కబురు పెట్టింది. వాళ్ళు వెళ్ళేసరికి షెడ్డులోంచి సన్నటి ఈల వినిపిస్తోంది. ఐవర్ తల పక్కకి వంచి వింటున్నాడు. ప్రీస్ కళ్ళద్దాలు పెట్టుకుని, తుపాకీని ఇసకపెట్టెలో నిలిపి, బడిపిల్లాడిలా బుద్ధిగా నిలబడ్డాడు.

"రోలండ్ ప్రీస్!" అని అవతల్నుంచి పిలుపొచ్చింది. అతను కదల్లేదు.

"రోలండ్ ప్రీస్! రెండోసారి!"

"ఆగవయ్యా బాబూ!" అని అతను అక్కణ్ణుంచే అరిచాడు. "గ్వెండా గాలి నింపుతోంది!"