జారని చుక్క

జనగామ బస్టాండ్ ఎదుట టీ తాగుతూ మిథున్ కుప్పకూలాడు. నీటిని అంటనివ్వని పూతలు తయారుచేసే శాస్త్రవేత్త. టీలో సైనైడ్. అంతకు కాసేపటి ముందే గూఢచారి విభాగం చీఫ్‌కు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాడు: "చుక్క జారట్లేదు!"

చీఫ్ తన ఏజెంట్ శ్రీపాల్‌ను పిలిపించాడు.

"భూపాలపల్లి దగ్గరి సబ్‌స్టేషన్‌లో పింగాణీ ఇన్సులేటర్లకు మిథున్ పూత వేశారు. వాన నీళ్ల మీదుగా కరెంటు పాకకుండా. ఇప్పుడొక విదేశీ ముఠా దాని వెంట పడింది. ముఠాలో మన డబుల్ ఏజెంట్ మహబూబాబాద్‌లో ఉంది. సింధు."

శ్రీపాల్‌కు ఆ పేరు కొత్త కాదు. ఒకప్పుడు వాళ్లిద్దరిదీ పెళ్లి మాటల దాకా వచ్చిన స్నేహం.

మిర్చి వ్యాపారి వేషంలో అతను మహబూబాబాద్‌లోని మిర్చి గోదాములోకి అడుగుపెట్టాడు. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో సింధు ఎదురొచ్చింది.

"తేజ రకం ఉన్నదా?"

"ఘాటు తట్టుకుంటవా?"

కోడ్ సరిపోయింది. ఆమె ఒక పింగాణీ బిళ్ల తీసి, డ్రాపర్‌తో నీటిచుక్క వేసింది. చుక్క ముత్యంలా నిలబడింది.

"గిదే సబ్‌స్టేషన్ల వేసిన పూత. అసలుదే. పరేషాన్ కాకు."

శ్రీపాల్ బిళ్లను వంచాడు. చుక్క కదల్లేదు. పూర్తిగా బోర్లించాడు. అయినా గుండ్రంగానే వేలాడుతోంది.

"అసలు పూత మీద చుక్క నిలవదు సింధూ. జర వంచితె దుమ్మును గూడ తీస్కొని దొర్లిపోతది. గిది నకిలీ."

ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"ముఠావోళ్లు మా తమ్ముణ్ని పట్టుకపోయిండ్రు. పూత డబ్బాలు మార్చింది నేనే."

"వాన పడితె ఏమైతది?"

"చుక్కలు జారక ఒకదానికొకటి అతుక్కుంటయి. కరెంటు దూకుతది. బొగ్గుగనికి పొయ్యే లైన్ పేలుతది. లోపల గాలి ఫ్యాన్లు ఆగుతయి. ఫోన్ చెయ్యకు, కరెంటాఫీసుల ముఠా మనిషున్నడు."

"మిథున్‌ను చంపింది?"

"గది నాకు తెల్వదు. ఒట్టు."

నమ్మాలో లేదో అతనికి తెలియలేదు. పిస్టల్ మెల్లగా కిందికి దిగింది.

"పో శ్రీపాల్. మబ్బు పట్టింది."

అతను భూపాలపల్లి చేరేసరికి వాన మొదలైంది. ఇన్సులేటర్ల నిండా చుక్కలు. ఒకటీ రాలడం లేదు. పక్కపక్కవి కలిసి చారలవుతున్నాయి. బుస్సుమంటూ నీలి మెరుపులు పాకుతున్నాయి.

శ్రీపాల్ ఆపరేటర్ నర్సయ్యకు ఐడీ కార్డు చూపించి అరిచాడు. "గనిని పాత లైన్ మీదికి మార్చు! దీన్ని బంద్ చెయ్! దీని పూత నకిలీది!"

"ఆర్డర్ లేకుంట చేస్తె నా నౌకరి పోతది సార్!"

"జర బయటికి చూడన్నా!"

నర్సయ్య చూశాడు. నీలి మంట ఇన్సులేటర్ పైఅంచుకు చేరుతోంది. మరో మాట లేకుండా స్విచ్ తిప్పాడు. పాత లైన్ అందుకుంది. పూత వేసిన లైన్ చల్లబడింది. గనిలో ఫ్యాన్లు ఆగలేదు.

తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. "సింధు తమ్ముడు కొత్తగూడ అడవిలో దొరికాడు. ప్రాణాలతోనే. దారి చెప్పింది ఆమే. గోదాములో మాత్రం ఎవరూ లేరు."

"బతికే ఉందా సార్?"

"తెలియదు."

శ్రీపాల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నర్సయ్య పక్కకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"సార్, పూతల ముచ్చట మీకు బాగ ఎరుకున్నట్టున్నది. మా ఇంటి స్లాబు ఉరుస్తున్నది. మంచిదేదన్న ఉంటె జర చెప్పుండ్రి."